న్యూ మెటల్: ఏడో తీగ, ఎర్ర టోపీ, కొన్ని పాత ఆల్బమ్‌లు

న్యూ మెటల్ అనేది 1990ల నడిమిలో అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో పుట్టిన రాక్ సంగీత శాఖ. 1998 నుంచి 2003 దాకా ఇది ప్రపంచమంతా మోగిపోయింది. హెవీ మెటల్ గిటార్ బరువు, హిప్ హాప్ దరువు, ర్యాప్ పలుకు, గొంతు చీల్చుకునే అరుపు, మధ్యమధ్యలో గ్రామఫోన్ రికార్డు మీద డీజే చేసే గీకుడు దీని ముడిసరుకు. పేరులోని 'న్యూ' అన్న మాటను ఇంగ్లీషులో కావాలనే తప్పు స్పెల్లింగుతో రాస్తారు. తెలుగు లిపిలో ఆ కొంటెతనం కనిపించదు, చెవికి రెండూ ఒకటే.

ఈ శాఖను వెక్కిరించినంతగా రాక్ విమర్శకులు మరి దేన్నీ వెక్కిరించలేదేమో. వదులు ప్యాంట్లు, తిరగేసిన టోపీలు, ఇంట్లో కోపం వచ్చి గది తలుపు ధడాలున వేసుకునే కుర్రాళ్లు అంటూ ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే పాతికేళ్ల తర్వాత ఆ ఆల్బమ్‌లను వరుసగా వింటే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ర్యాప్‌ను మెటల్‌లో కలపడం వీళ్ల కొత్తదనం కాదు, ఆ పని అంతకుముందే జరిగింది. అప్పటిదాకా మెటల్ గాయకుడిది వీరుడి వేషమో రాక్షసుడి వేషమో. న్యూ మెటల్ ఆ వేషం తీసేసి, దెబ్బలు తిన్న పిల్లవాణ్ని మైకు ముందు నిలబెట్టింది. ఈ శాఖలో మిగిలే మంచి, దాన్ని ముంచిన చెడు, రెండూ అక్కణ్నుంచే మొదలయ్యాయి.

ముందు నడిచినవాళ్లు

1986లో రన్-డీఎంసీ, ఏరోస్మిత్ కలిసి 'వాక్ దిస్ వే' పాటను తిరగరాశారు. 1991లో ఆంత్రాక్స్, పబ్లిక్ ఎనిమీ 'బ్రింగ్ ద నాయిజ్' కోసం చేతులు కలిపారు. శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండ్ ఫెయిత్ నో మోర్ 1989లో తెచ్చిన 'ద రియల్ థింగ్'లో ర్యాప్, మెటల్, కీబోర్డు అన్నీ ఒకే కుండలో ఉడికాయి. 1992లో రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ తొలి ఆల్బమ్ వచ్చేసరికి ఈ కలయిక పూర్తిగా పాకాన పడింది. మరుసటి ఏడాది వచ్చిన 'జడ్జిమెంట్ నైట్' సినిమా పాటల ఆల్బమ్ అయితే పాటకొక రాక్ బ్యాండు, ఒక ర్యాప్ బృందం చొప్పున జతకట్టించింది.

రేజ్ కోపం మాత్రం రాజకీయ కోపం. ప్రభుత్వం మీద, పోలీసుల మీద, కంపెనీల మీద వేలెత్తి చూపే కోపం. న్యూ మెటల్ ఆ వేలిని వెనక్కి తిప్పి తన ఇంటివైపు, తన బడివైపు, చివరికి తన గుండెవైపు చూపింది.

కార్న్: బేకర్స్‌ఫీల్డ్ కుర్రాళ్లు

లాస్ ఏంజలెస్‌కు ఉత్తరాన, చమురు బావులు, పొలాలు ఉన్న ఊరు బేకర్స్‌ఫీల్డ్. కార్న్ బ్యాండ్ సభ్యుల మూలాలు ఈ ఊళ్లోనే. 1993లో బ్యాండ్ కట్టారు. గాయకుడు జోనథన్ డేవిస్ అంతకుముందు శవపరీక్షలు చేసే కార్యాలయంలో పనిచేసేవాడు. శవాలను భద్రపరిచే విద్య కూడా చదివాడు. బ్యాగ్‌పైప్ వాయించేవాడు. మన జానపద ప్రదర్శనల్లో శ్రుతి కోసం ఊదే తిత్తికి అది దగ్గరి చుట్టం. తొలి ఆల్బమ్‌లోని 'షూట్స్ అండ్ ల్యాడర్స్' పాట ఆ తిత్తి నాదంతోనే మొదలవుతుంది. పిల్లల పాటల్లో దాక్కున్న భయంకరమైన అర్థాల మీద రాసిన పాట అది.

ఈ శాఖ శబ్దం ఎలా తయారైందో ఇక్కడే చెప్పుకోవాలి. మామూలు గిటార్‌కు ఆరు తీగలు. ఐబనెజ్ సంస్థ స్టీవ్ వై అనే గిటార్ విద్వాంసుడి కోసం ఏడు తీగల గిటార్ తయారుచేసి 1990లో అమ్మకానికి పెట్టింది. వై లాంటివాడి చేతిలో అది మెరుపు వేగంతో స్వరాలు కురిపించే వాద్యం. కార్న్ గిటారిస్టులు జేమ్స్ షాఫర్, బ్రయన్ వెల్చ్ అదే వాద్యాన్ని పట్టుకుని సరిగ్గా వ్యతిరేకమైన పని చేశారు. అదనపు తీగ శ్రుతిని ఇంకా కిందికి దించారు. శ్రుతి దించితే తీగ వదులవుతుంది. వదులైన లావు తీగను అరచేతి అంచుతో అదిమిపెట్టి మీటితే స్వరం కంటే దెబ్బే ముందు వినిపిస్తుంది, వెనకాల ఆ స్వరం కాస్త ఊగుతుంది. అలా గిటార్ డ్రమ్ అయిపోయింది. బేస్ గిటార్ వాయించే ఫీల్డీ మధ్యస్థాయి శబ్దాన్ని బాగా తగ్గించి, తీగలను వేళ్లతో చరిచేవాడు. డప్పు మీద చిటికెన పుల్ల పడ్డట్టు టకటకమనే ఆ చప్పుడును ఒకసారి విన్న చెవి మళ్లీ మరచిపోదు. ఇక గిటార్ సోలో, అంటే పాట ఆపి గిటారిస్టు తన ప్రతాపం చూపించే ఘట్టం, పూర్తిగా ఎత్తేశారు. మెటల్ పెద్దలు వీళ్లను క్షమించకపోవడానికి ప్యాంట్ల కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

1994 అక్టోబరులో 'కార్న్' ఆల్బమ్ వచ్చింది. మాలిబు కొండల్లోని ఇండిగో రాంచ్ స్టూడియోలో రికార్డు చేశారు, నిర్మాత రాస్ రాబిన్సన్. దాని ఆఖరి పాట 'డాడీ' గురించి విననివాళ్లకు చెప్పడం కష్టం. చిన్నప్పుడు తనకు తెలిసినవారి చేతిలో జరిగిన లైంగిక హింస, చెప్పినా ఇంట్లో నమ్మకపోవడం డేవిస్ అందులో పాడాడు. తండ్రి చేసిన పని కాదని ఆయనే స్పష్టం చేశాడు. పాట నడుస్తుండగానే గొంతు పూడుకుపోయి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. రాబిన్సన్ టేపు ఆపలేదు, వాద్యకారులూ ఆపలేదు. వాయిద్యం నిమిషాల తరబడి సాగుతుంటే దాని కింద ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది. చివర్న తలుపు మూసిన చప్పుడు. దశాబ్దాలపాటు బ్యాండ్ ఈ పాటను వేదిక మీద దాదాపు ముట్టుకోలేదు. ఇది కళా, లేక ఒక మనిషి కుప్పకూలుతుంటే టేపు తిప్పడమా అన్న ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. రెండూనేమో. ఏదైనా, తర్వాత పదేళ్లు ఇంకెందరో గాయకులు దీన్ని అనుకరించబోయి కేవలం ఏడుపుగొట్టు పాటలు మిగిల్చారు.

1998 ఆగస్టులో వచ్చిన 'ఫాలో ద లీడర్' అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. ఆ సీడీలో ఒక వింత ఉంది. మొదటి 12 ట్రాకులూ నిశ్శబ్దమే, ఒక్కొక్కటి 5 సెకన్లు, మొత్తం ఒక నిమిషం. క్యాన్సర్‌తో చనిపోయిన ఒక చిన్న అభిమానికి అది మౌన నివాళి. అసలు పాటలు 13వ ట్రాకు నుంచి మొదలవుతాయి. అందులోని 'ఫ్రీక్ ఆన్ ఎ లీష్' వీడియోకు గ్రామీ దక్కింది. తుపాకీ గుండు కార్టూన్ లోకంలోంచి దూసుకొచ్చి నిజలోకంలో తిరిగే ఆ వీడియోను ఎంటీవీ అరగదీసి వేసింది.

ఇండిగో రాంచ్ గాలి

రాబిన్సన్ పేరు ఈ శాఖకు ఇంటిపేరు లాంటిది. పాట బాగా పాడించడం కంటే పాడేవాణ్ని లోపల్నుంచి కదిలించడం ఆయన పద్ధతి. బ్రెజిల్ మెటల్ బ్యాండ్ సెపుల్తురా 1996లో 'రూట్స్' ఆల్బమ్ చేసినప్పుడూ నిర్మాత ఆయనే. ఆ బ్యాండ్ శ్రుతి దించింది, తాళవాద్య కళాకారుడు కార్లిన్యోస్ బ్రౌన్‌ను పిలిపించింది, షవాంటె తెగ ప్రజల దగ్గరకు వెళ్లి వాళ్ల గానాన్ని రికార్డు చేసింది. కాలిఫోర్నియా కుర్రాళ్ల శబ్దాన్ని అరువు తెచ్చుకుని, దాన్ని తన నేలలో నాటుకుంది. అనుకరణ అంటే అలా ఉండాలి.

శాక్రమెంటోకు చెందిన డెఫ్టోన్స్ కథ వేరు. 1995లో 'అడ్రినలిన్', 1997లో 'అరౌండ్ ద ఫర్', రెండింటికీ నిర్మాత టెర్రీ డేట్. గాయకుడు చీనో మొరీనో అరుపుకన్నా గుసగుసతోనే ఎక్కువ భయపెట్టగలడు. 2000 జూన్‌లో వచ్చిన 'వైట్ పోనీ'తో వాళ్లు ఈ గుంపులోంచి మెల్లగా జారుకున్నారు. తమను న్యూ మెటల్ అనడం వాళ్లకు ఎప్పుడూ గిట్టలేదు. చిత్రమేమిటంటే ఈ శాఖ పరువు ఇవాళ నిలుపుతున్న రెండు మూడు ఆల్బమ్‌లలో అదొకటి.

ఎర్ర టోపీ, టీవీ, వుడ్‌స్టాక్

ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నుంచి వచ్చిన లింప్ బిజ్‌కిట్ లేకపోతే న్యూ మెటల్‌కు ఇంత డబ్బూ రాదు, ఇంత చెడ్డపేరూ రాదు. తిరగేసిన ఎర్ర బేస్‌బాల్ టోపీతో గాయకుడు ఫ్రెడ్ డర్స్ట్. ఒళ్లంతా రంగు పూసుకుని, కళ్లకు నల్ల కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని పిశాచంలా నిలబడే గిటారిస్టు వెస్ బోర్లండ్. హౌస్ ఆఫ్ పెయిన్ బృందం నుంచి వచ్చిన డీజే లీథల్. 1997లో తొలి ఆల్బమ్, జార్జ్ మైకేల్ 'ఫెయిత్' పాటను చితక్కొట్టి పాడటంతో గుర్తింపు. 1999లో 'సిగ్నిఫికెంట్ అదర్' విడుదలైన వారంలోనే 6 లక్షలకు పైగా అమ్ముడైంది. 2000 అక్టోబరులో వచ్చిన మూడో ఆల్బమ్ అమెరికాలో మొదటి వారమే 10 లక్షలు దాటింది. దాని పేరు తెలుగులో చెబితే చాక్లెట్ నక్షత్రచేప, హాట్ డాగ్ రుచి నీళ్లు. ఆ పేరులో బూతు ఉందని వేరే చెప్పక్కర్లేదు.

బోర్లండ్ గిటార్ మాత్రం నిజంగా చిత్రమైనది. వెక్కిరించేవాళ్లు కూడా ఆ సంగతి ఒప్పుకుంటారు. డర్స్ట్ పాటల్లోని కోపానికి చిరునామా ఉండదు. ఏదో పగలగొట్టాలి, ఎందుకో తెలియదు. జోనథన్ డేవిస్ కోపం వెనక ఒక గాయం ఉంది, ఇక్కడ గాయం జారిపోయి కోపం ఒక్కటే సరుకుగా మిగిలింది. పాటల్లో ఆడవాళ్ల మీద పడే నిందలు ఇప్పుడు వింటే ముఖం చిట్లించకుండా ఉండలేం.

వీళ్లను ఇంటింటికీ చేర్చింది టీవీ. ఎంటీవీలో వచ్చే 'టోటల్ రిక్వెస్ట్ లైవ్' కార్యక్రమంలో ప్రేక్షకుల ఓట్ల మీద పాటల వరుస తేలేది. బ్రిట్నీ స్పియర్స్, బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పక్కనే కార్న్, లింప్ బిజ్‌కిట్. ఒకే బడి పిల్లలు రెండు వర్గాలుగా చీలి ఫోన్లు చేసేవారు. 1998 శరత్కాలంలో కార్న్ మొదలుపెట్టిన ఫ్యామిలీ వాల్యూస్ పర్యటనలో జర్మనీ బ్యాండ్ రామ్‌స్టైన్, ర్యాపర్ ఐస్ క్యూబ్ కూడా ఉన్నారు. 1996లో మొదలైన ఆజ్‌ఫెస్ట్ ఇంకో పెద్ద వేదిక.

వేషం విషయానికొస్తే, పాత మెటల్ అభిమాని తోలు జాకెట్టును ఇది పక్కన పడేసింది. కార్న్ అడిడాస్ ట్రాక్ సూట్లు తొడిగితే లక్షల మంది తొడిగారు. ఆ కంపెనీ పేరు మీద పాట కూడా కట్టి, చివరికి ప్యూమాతో ఒప్పందం కుదుర్చుకోవడం వ్యాపారంలో చిన్న హాస్యం. నేల ఊడ్చేంత వెడల్పు కాళ్ల జింకో జీన్స్, పర్సుకు వేలాడే గొలుసు, గడ్డానికి రింగు, జెల్ పెట్టి ముళ్లలా నిలబెట్టిన జుట్టు. 1998లో మిషిగన్ రాష్ట్రంలో ఒక హైస్కూలు విద్యార్థి కార్న్ టీ షర్టు వేసుకొచ్చాడని బడివాళ్లు సస్పెండ్ చేశారు. చొక్కా మీద ఉన్నది బ్యాండ్ పేరు తప్ప మరేమీ కాదు. కార్న్ మనుషులు ఏకంగా ఆ బడి బయటికే వెళ్లి టీ షర్టులు ఉచితంగా పంచారు.

1999 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ పట్టణంలో వుడ్‌స్టాక్ పేరుతో జరిగిన ఉత్సవం ఈ శాఖ నుదుటి మీద మచ్చగా మిగిలింది. మూసేసిన వైమానిక స్థావరం, నీడలేని తారు నేల, 38 డిగ్రీల దాకా ఎండ. లక్షల జనం, పొంగిపొర్లే మరుగుదొడ్లు, సీసా నీళ్లు 4 డాలర్లు. శనివారం సాయంత్రం లింప్ బిజ్‌కిట్ 'బ్రేక్ స్టఫ్' పాడుతుంటే జనం ప్లైవుడ్ పలకలు ఊడబెరికి తలల మీదుగా ఈదించారు. లైంగిక దాడుల ఫిర్యాదులు వచ్చాయి. ఆదివారం రాత్రి మంటలు, లూటీలు. నేరం ఎవరిదన్న తగువు అప్పట్నుంచీ సాగుతూనే ఉంది. మంటలు లేచినప్పుడు వేదిక మీద ఉన్నది రెడ్ హాట్ చిలీ పెప్పర్స్, న్యూ మెటల్ వాళ్లు కాదు. నీళ్లమ్ముకున్న నిర్వాహకుల వాటా చాలా పెద్దది. అలాగని డర్స్ట్‌కు ఏ పాపమూ తెలియదంటే నమ్మడం కష్టం. చిరునామా లేని కోపాన్ని లక్షమందికి పంచితే అది దొరికిన చోటల్లా దిగుతుంది.

ముసుగులు, ఆర్మేనియా, హైబ్రిడ్ థియరీ

అయోవా రాష్ట్రంలో డి మోయిన్ అనే ప్రశాంతమైన ఊరి నుంచి తొమ్మిదిమంది ముసుగుల మనుషులు వచ్చారు. స్లిప్‌నాట్. పేర్లకు బదులు సున్నా నుంచి ఎనిమిది దాకా అంకెలు, ఒంటి మీద ఒకేలాంటి పనివాళ్ల దుస్తులు. డ్రమ్స్ వాయించే జోయీ జోర్డిసన్ కాక మరో ఇద్దరు తాళవాద్యకారులు, వాళ్ల ముందు బీరు పీపాలు, వాటిని బాదడానికి బేస్‌బాల్ బ్యాట్. 1999 జూన్‌లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు నిర్మాత మళ్లీ రాబిన్సనే. 2001లో 'అయోవా' దానికంటే చీకటిగా ఉంటుంది. ఈ శాఖలో పాత మెటల్ అభిమానులు కొంతైనా మన్నించినది వీళ్లనే, డ్రమ్స్ వేగం వల్ల.

సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ సభ్యులు నలుగురూ ఆర్మేనియా మూలాలున్న అమెరికన్లు. 1915 ఆర్మేనియన్ జనహననాన్ని 1998 నాటి తొలి ఆల్బమ్‌లోనే పాటగా కట్టారు. 2001 సెప్టెంబరు 4న 'టాక్సిసిటీ' విడుదలైంది. వారం తిరిగేసరికి జంట సౌధాలు కూలాయి. ఆ వారం అమెరికాలో నంబర్ వన్ ఆల్బమ్ అదే, అప్పుడే క్లియర్ చానల్ రేడియో సంస్థ 'వేయకపోవడం మంచిది' అని తన స్టేషన్లకు పంపిన పాటల జాబితాలో వాళ్ల 'చాప్ సూయ్!' కూడా చేరింది. సెర్జ్ టాంకియన్ గొంతులో తూర్పు దేశాల గమకం, వెంటనే పిచ్చి పరుగు, మళ్లీ ప్రార్థన. వీళ్లది న్యూ మెటలా కాదా అన్న వాదన తేలేది కాదు. నా దృష్టిలో అదే వేదిక, అదే కాలం, అదే శ్రోతలు, కానీ వాళ్ల కోపానికి చరిత్ర ఉంది.

ఇక లింకిన్ పార్క్. శాంటా మోనికాలోని లింకన్ పార్క్ పేరును, ఇంటర్నెట్ చిరునామా దొరకడం కోసం, కాస్త మెలితిప్పి పెట్టుకున్న పేరు. 2000 అక్టోబరు 24న 'హైబ్రిడ్ థియరీ' వచ్చింది, నిర్మాత డాన్ గిల్మోర్. మొత్తం 38 నిమిషాల లోపే. బూతు మాట ఒక్కటి లేదు. మైక్ షినోడా ర్యాప్ నిలకడగా విషయం చెబుతుంది, చెస్టర్ బెన్నింగ్టన్ గొంతు దానికి నిప్పంటిస్తుంది. జో హాన్ గీకుళ్లు, పియానో తునకలు, పాటకు మూడు నిమిషాల చిల్లర. ప్రతిదీ చెక్కి, నునుపు చేసి పెట్టారు. అట్ట మీది బొమ్మలో తూనీగ రెక్కలున్న సైనికుడు కనిపిస్తాడు. బొమ్మల చదువు చదివిన షినోడా చేయి అది. 2001లో అమెరికాలో అన్నింటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ ఇదే. 2020లో అక్కడ 12 రెట్లు ప్లాటినం ధ్రువీకరణ దక్కింది. అంటే ఒక్క అమెరికా లెక్కే 1 కోటి 20 లక్షలు.

మరీ నునుపన్నది విమర్శకుల ఫిర్యాదు. ఆ నునుపే దీన్ని సముద్రాలు దాటించింది. హైదరాబాదులోనో విజయవాడలోనో 2000ల తొలినాళ్లలో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నవాళ్లను అడగండి. ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌కు సినిమాలతోపాటు చేరిన ఎంపీ3 ఫోల్డర్లలో 'ఇన్ ది ఎండ్' ఉండి తీరేది. ఇంగ్లీషు పాటల మొహం చూడనివాడు కూడా అది పాడేవాడు. ర్యాంకు రాలేదని ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రాత్రి, ఎంత ప్రయత్నించినా ఫలితం దక్కలేదనే ఆ పాటకు అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆల్బమ్‌లోని 'క్రాలింగ్'కు గ్రామీ వచ్చింది. వ్యసనం గురించి, తన ఒంట్లో తానే నిలవలేకపోవడం గురించి బెన్నింగ్టన్ పాడింది నటన కాదని 2017 జూలై 20న ఆయన ఆత్మహత్యతో లోకానికి అర్థమైంది. ఆ తర్వాత ఈ ఆల్బమ్‌ను 'కుర్రాళ్ల గోల' అనేవాళ్లు తగ్గారు.

అంచుల్లో ఉన్నవాళ్లు

మగపిల్లల గుంపుగా పేరుబడ్డ చోట కెనడాలోని లండన్ పట్టణం నుంచి నలుగురు టీనేజీ అమ్మాయిలు కిట్టీ బ్యాండ్‌తో వచ్చారు. 'స్పిట్' ఆల్బమ్ ముడిగా, కరుకుగా ఉంటుంది, చెవిన వేసుకోదగ్గది. 2003లో అర్కాన్సాస్ రాష్ట్రపు ఎవనెసెన్స్ 'ఫాలెన్' తెచ్చింది. 'బ్రింగ్ మీ టు లైఫ్' పాటలో ర్యాప్ చేసే మగ గొంతు రికార్డు కంపెనీ పట్టుబట్టి పెట్టించినదని గాయని ఏమీ లీ తర్వాత చెప్పింది. అప్పటి మార్కెట్ ఎలా ఆలోచించేదో ఆ ఒక్క పాటలో వినొచ్చు. పాపా రోచ్ 'ఇన్‌ఫెస్ట్', మడ్‌వేన్ 'ఎల్.డి. 50', స్టాటిక్-ఎక్స్ 'విస్కాన్సిన్ డెత్ ట్రిప్' తలా ఒక మూల పట్టుకున్నాయి. మిగిలినవాటిలో చాలాభాగం ఒకే అచ్చులో పోసిన ఇటుకలు.

దిగుబాటు, మళ్లీ వినడం

2001లో న్యూయార్క్ నుంచి స్ట్రోక్స్, డెట్రాయిట్ నుంచి వైట్ స్ట్రైప్స్ సన్న ప్యాంట్లతో, పాత గిటార్లతో వచ్చేశారు. బోర్లండ్ అదే ఏడాది లింప్ బిజ్‌కిట్ వదిలాడు, అతను లేకుండా 2003లో వచ్చిన ఆల్బమ్ చతికిలపడింది. వెల్చ్ 2005లో క్రైస్తవ భక్తిమార్గం పట్టి కార్న్‌ను వీడాడు, 2013 నాటికి తిరిగొచ్చాడు. 2007లో లింకిన్ పార్కే రిక్ రూబిన్‌తో కలిసి 'మినిట్స్ టు మిడ్‌నైట్' చేస్తూ పాత శబ్దాన్ని వదిలించుకుంది. న్యూ మెటల్ అన్న పేరు ఒకప్పటి బ్యాండ్లకే తిట్టుగా తోచిన రోజులవి.

మళ్లీ గాలి మారింది. ఆ పాటలు విని పెరిగిన పిల్లలు తామే పాటలు కట్టే వయసుకు వచ్చారు. జపాన్ మూలాలున్న బ్రిటన్ గాయని రీనా సవయామా 2019లో జాతి వివక్షను ఎండగట్టడానికి సరిగ్గా ఈ గిటార్ దెబ్బనే వాడుకుంది. ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ 2022 నాటి 'రక్షక్' ఆల్బమ్‌లో డోలు, వేణువు, హిందీ, పంజాబీ, ఇంగ్లీషు ర్యాప్ కలిపి ఇదే మూసను మనవైపు తిప్పింది. ఏడు తీగల గిటార్ డ్రమ్‌గా మారిన చోట డోలు ఇమిడిపోవడంలో వింతేముంది. 2023 మేలో లాస్ వేగస్‌లో జరిగిన సిక్ న్యూ వరల్డ్ ఉత్సవానికి ముఖ్య ఆకర్షణ సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్, పక్కన కార్న్, డెఫ్టోన్స్. లింకిన్ పార్క్ 2024లో గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో తిరిగి నిలబడి 'ఫ్రమ్ జీరో' విడుదల చేసింది.

అంతకుముందు 2021 వేసవిలో షికాగో లొల్లపలూజా ఉత్సవంలో లింప్ బిజ్‌కిట్ వేదిక ఎక్కింది. ఎర్ర టోపీ కోసం చూసినవాళ్లకు నెరిసిన జుట్టు, గుబురు మీసం, పాత ఫ్యాషన్ కళ్లద్దాలతో, ఏ ఇంట్లోనో ఆదివారం కారు కడుక్కునే పెద్దమనిషిలా ఫ్రెడ్ డర్స్ట్ కనిపించాడు. కచేరీ చివర్లో స్పీకర్లలో ఒక కొత్త పాట వేశారు. దాని పేరు 'డాడ్ వైబ్స్'.